రెండు పుట్టినరోజులున్న ముసలావిడ

ఆవిడకి మతి సరిగా లేదని రాసింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఐర్లండ్‌లో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో వృద్ధుల వార్డు డాక్టర్ని నేను. తుంటి ఎముక విరిగి పోలండ్ ముసలావిడ ఒకరు వచ్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు కూడా. మనవరాలి ఇంటికి వెళ్ళిపోవాలని ఆవిడ ఆరాటం. మనవరాలు పగలంతా ఉద్యోగంలో ఉంటుంది కాబట్టి, మతి సరిగా లేకపోతే ముసలివాళ్ళని ఉంచే నర్సింగ్ హోమ్‌కే పంపాలని మా పై డాక్టరైన కన్సల్టెంట్ పట్టు. అది తేల్చడానికి పది ప్రశ్నల పరీక్ష ఒకటుంది. ఎనిమిది మార్కులు రావాలి. అడిగే పని నాకు అప్పగించారు.

పుట్టిన తేదీ అడిగాను. ఫైల్లో ఉన్నదే చెప్పి, "కానీ అది అబద్ధం" అంటూ ఇంకోటి చెప్పారు. వయసెంతంటే, "ఎనభై తొమ్మిదా, తొంభై ఒకటా? నీకేది కావాలి?" అన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు ముగిసిందని అడిగితే, "మాకు ముగియలేదు" అని కిటికీ వైపు తిరిగిపోయారు. మూడింటికీ సున్నా వేశాను. మొత్తం ఏడు. నర్సింగ్ హోమ్‌లో మంచం కోసం ఫోన్లు మొదలయ్యాయి.

వారం తిరగకుండా వార్డులో నాకు కేక్ కోయించారు. రికార్డుల ప్రకారం ఆరోజు నా పుట్టినరోజు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన ఒకటే నవ్వు.

"దొంగ బర్త్‌డేకి కేక్ కోసినవా? అసల్ది చలికాలంల గదా! మీ హెడ్మాస్టర్‌కు ఓ ముక్క పంపరాదు!"

బళ్ళో చేర్చేటప్పుడు నాకు వయసు చాలలేదు. హెడ్మాస్టరు తోచిన తేదీ వేసేశారు. నా పాస్‌పోర్టు, నా డాక్టరు పట్టా, అన్నీ ఆ అబద్ధం మీదే నడుస్తున్నాయి. మా బ్యాచ్‌లో సగం మంది జూన్‌లోనే పుట్టారు మరి! నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. చేతిలో కేకు పక్కన పెట్టేశాను.

తిన్నగా ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి, ఆ రెండో తేదీ సంగతేమిటని అడిగాను. అడగాల్సిన రోజున అడగని ప్రశ్న అది.

యుద్ధం మొదట్లో వాళ్ళ ప్రాంతాన్ని ఆక్రమించిన సోవియట్ సైనికులు తలుపులు బాది, అరగంటలో సర్దుకోమన్నారట. పశువుల్ని తోలే రైలు పెట్టెల్లో వారాల తరబడి ప్రయాణం. సైబీరియా అడవిలో చెట్లు కొట్టే పనిలో నాన్న పోయాడు. కొన్నాళ్ళకి అనాథ పిల్లల్ని ఆ దేశం దాటించే రైలొకటి వచ్చింది. ఈవిడకి వయసు మించిందన్నారు. అమ్మ పేర్లు రాసుకునే బల్ల ముందు నిలబడి, ఈ పిల్ల తనది కాదని, తల్లిదండ్రులు పోయారని చెప్పి, రెండేళ్ళు తగ్గించి కొత్త తేదీ రాయించింది. కూతుర్ని ఎక్కించి తను ఉండిపోయింది.

"ఇప్పుడు నువ్వొచ్చావు, ఇంకో కాగితం పట్టుకుని. ఈసారి ఎక్కడికి తోలుతారు?" అన్నారు.

మర్నాడు మీటింగులో మా కన్సల్టెంట్ ఫైలు మూసేస్తూ, "అక్కడ ఆవిడకి గ్రాండ్‌గా ఉంటుంది" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాకూ రెండు పుట్టినరోజులున్నాయి. నాకు కేక్ కోశారు. ఆవిడ్ని ఇంటికి దూరం చేస్తున్నారు. నాకూ పెట్టండి ఆ పరీక్ష!" అన్నాను.

"మరి యుద్ధం సంగతి?"

"ముగిసిందని మీరే వెళ్ళి ఆవిడకి చెప్పండి."

ఆయన వెళ్ళలేదు. ఫైలు మాత్రం మళ్ళీ తెరిచాడు. నర్సింగ్ హోమ్ మాట ఆగిపోయింది.

ఇంటికి పంపే రోజున, అసలు పుట్టినతేదీ రికార్డులోకి ఎక్కించమని నేనే రాస్తానన్నాను. తప్పు దిద్దుకుంటున్నానన్న గర్వం కూడా కాస్త ఉన్నట్టుంది నాలో. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"మార్చకు. మా అమ్మ నోట నేను విన్న ఆఖరి మాట ఆ అబద్ధపు తేదీయే."

దానికే నేను సున్నా వేసింది.