సారు తయారుగా పెట్టుకున్న జవాబులు

మా నాటకాల సారు శనివారం పొద్దున పోయారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, నాయిన లేడు," అంది. "సరేనమ్మా," అన్నాను. బస్సెక్కి నాచారంలో ఫ్యాక్టరీకి వెళ్లి, ఎప్పటిలాగే మిషన్ ఆన్ చేశాను. సాయంత్రం అంత్యక్రియల్లో అందరూ ఏడుస్తుంటే, నేను చెప్పులు ఎక్కడ విడిచానా అని చూసుకుంటున్నాను.

మా కార్మికుల నాటకాలు చూసినవాళ్లకు ఆయన తెలిసే ఉంటారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరై, షిఫ్టు దిగి వచ్చిన మాలాంటి వాళ్లకు పదేళ్లు నాటకం నేర్పారు. ఎన్నిసార్లు డైలాగు తప్పినా అరిచేవారు కాదు. "మల్లొక్కసారి, జర నిమ్మళంగ," అనేవారు, ఇరవయ్యోసారి కూడా అదే గొంతుతో. ఆ ఓపిక చూసి నాకైతే ఒక్కోసారి ఒళ్లు మండేది.

ఆయన ఆఖరి నాటకం, తన పొలంలో కట్టిన ఫ్యాక్టరీకే కాపలా కాసే ముసలాయన కథ. రామంతాపూర్‌లోని నాటక సంఘం ఒప్పుకుంటేనే మాకు హాలు దొరుకుతుంది. వాళ్ల కమిటీ రెండుసార్లు కాదంది. మూడోసారి కోసం సారు మమ్మల్నే కమిటీలా కుర్చీల్లో కూర్చోబెట్టి, తాను నిలబడి, కాగితం చూడకుండా కథ చెప్పేవారు. "నన్ను ఇరుకున పెట్టుండ్రి. మీరు మొహమాటపడితే ఆళ్లకాడ నేను బోల్తా పడ్త." మేం అడిగినవన్నీ పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసుకుని, రెండ్రోజులకు జవాబులతో వచ్చేవారు. "అడిగిన్రంటే కథ ఇన్నట్టు లెక్క," అనేవారు.

బుధవారం ఆయన బదులు నేను వెళ్లాను. కమిటీలో అయిదుగురూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. కూర్చోగానే అధ్యక్షుడు, "సారు ఆఖరి నాటకం. ఒప్పుకున్నట్టే తమ్మీ," అన్నాడు. కథ వినలేదు. నాకు చర్రున కోపం వచ్చింది. శనివారం నుంచి నాకేదైనా అనిపించడం అదే మొదలు.

"జర అడుగుండ్రి సార్. మా సారు అన్నిటికి జవాబులు తయారు జేసి పెట్టిండు."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను నిలబడి కథంతా చెప్పాను. అప్పుడు మొదలుపెట్టారు. గేటు దగ్గర కూర్చున్న ముసలాయన్ని గంటన్నర ఎవరు చూస్తారు? లారీని స్టేజీ మీద ఎట్లా చూపిస్తారు? చివరికి ఆయన గేటు తెరుస్తాడా, మూస్తాడా? అన్నిటికీ సారు జవాబులే చెప్పాను. మూలన కూర్చున్న మేడమ్ మెల్లగా అడిగింది.

"మరి డైరెక్షన్ ఎవరు జేస్తరు?"

అది మేమెవ్వరం ఆయన్ని అడగలేదు.

"నేనే జేస్త మేడమ్," అన్నాను. అధ్యక్షుడు సారు ముందే ఇచ్చిన దరఖాస్తు నా ముందుకు జరిపాడు. దర్శకుడు అన్నచోట సారు తన చేత్తో రాసుకున్న పేరు ఉంది.

"అది కొట్టేసి నీ పేరు రాయి, తమ్మీ."

కొట్టెయ్యలేదు. దాని కింద మిగిలిన కాస్త జాగాలో నా పేరు ఇరికించి రాశాను.