వాము వాసన

ఓపీ గదిలోకి వాము వాసన వచ్చిందంటే నాకు కుర్చీలో కుదురుండదు. ఇక్కడి ఆడవాళ్లకు గుండెల్లో ఏం మెదిలినా అది గ్యాసే. చిటికెడు వాము నమిలి పనిలో పడతారు. నిన్న ఒకావిడ అలాగే వచ్చింది. నాడి చూడకముందే సరోజక్క గుర్తొచ్చింది.

గోదావరిఖనిలో గని కార్మికుల చిన్న దవాఖానలో నా మొదటి ఉద్యోగం. సరోజక్క అక్కడ హెడ్ నర్సు. నేను కోస్తా నుంచి కొత్త పట్టాతో, అంతకంటే కొత్త పొగరుతో దిగాను. కంపెనీ ఇచ్చే వైద్యం పుస్తకం ఉద్యోగి పేరిట ఉంటుంది గనక భార్యకు జబ్బు చేసినా భర్తే దాన్ని పట్టుకొస్తాడు, నొప్పి కూడా ఆయనే చెబుతాడు. ఆ రోజు ఒకాయన షిఫ్టుకు టైమవుతోందని తొందరపడుతూ, "గ్యాస్ పట్టింది మేడమ్, జల్ది గోలీలు రాయుండ్రి," అన్నాడు. పక్కన భార్య రాజవ్వ తల దించుకుని వాము నములుతోంది. రాసేశాను.

సరోజక్క ఆ చీటీ అందుకుని, "అన్నా, నువ్ జెర బయట కూసో," అని అతన్ని పంపేసింది. తను వెళ్లి రాజవ్వ పక్కన బల్ల మీద కూర్చుంది. నొప్పెక్కడని అడగలేదు.

"ఈ నడుమ ఏం పని ఇడిసిపెట్టినవ్, రాజవ్వా?"

"వారం దినాల సంది బిందె ఎత్తుతలేనక్కా. ఎత్తితే దవడ గుంజుతది, చెమటలు పోస్తయి. జెర కూసుంటే పోతది."

ఈసీజీ తీశాం. గీతలు చక్కగా ఉన్నాయి. "చూశారా?" అన్నాను, గెలిచినట్టు.

"గీతలు మంచిగనే ఉన్నయి డాక్టరమ్మా. మరి ఆమె బిందె ఎందుకు దించినట్టు?"

ఒళ్లు మండింది. అయినా రాజవ్వను పంపలేదు. కాసేపాగి మళ్లీ తీస్తే గీతలు మారాయి, గుండెపోటే. అంబులెన్సులో కరీంనగర్ పంపించాం. ఆమె బతికింది. నేను రాసిచ్చిన గ్యాస్ మాత్రల చీటీని సిగ్గుతో చించేశాను.

అప్పటినుంచి, ఈమధ్య ఏ పని మానేశావనే ఆ ప్రశ్న నాదైంది. వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడిగాను. రిటైరయ్యాక సరోజక్క సెంటినరీ కాలనీలో కూతురింట్లో ఉండేది. ఒకసారి ఫోన్లో, "కూరగాయలకు నేను పోతలేను డాక్టరమ్మా, మనుమరాలే తెస్తది. మహారాణినైన," అని నవ్వింది. నేనూ నవ్వి, "ఇన్నాళ్లూ చేసిన చాకిరీ చాలు, హాయిగా కూర్చోండి," అన్నాను. పది రోజులకు కూతురు ఫోన్ చేసింది. అమ్మ పోయిందని. "గ్యాస్ అన్నది మేడమ్, వాము నీళ్లు తాగి పండుకున్నది," అని ఏడ్చింది.

నిన్నటి ఆవిడ ఏ పనీ మానలేదంది. మళ్లీ అడిగాను. ఇంకోసారి అడిగాను. "ఏంది మేడమ్, గన్నిసార్లు అడుగుతరు?" అని విసుక్కుంది. ఒకరిని ఒక్కసారి కూడా అడగలేదని ఆమెకెలా చెప్పను?