వార్డెన్ రుచి చూడని పప్పు

మా ఇంట్లో చాలా ఏళ్లు కందిపప్పు వండలేదు. పచ్చిపులుసు ఉండేది, పుంటికూర ఉండేది, తొక్కులు ఉండేవి. పప్పు మాత్రం ఉండేది కాదు. చుట్టాలొచ్చినా అంతే. అడిగితే అమ్మ, "నాకు పప్పు వండరాదంట గదా" అనేది. ఆ మాట అన్నవాడు యూనివర్సిటీ హాస్టల్ వార్డెన్. ఆయన మీద నాకు చిన్నప్పుడు పుట్టిన పగ మొన్నమొన్నటిదాకా చల్లారలేదు. ఇప్పుడైనా పూర్తిగా చల్లారిందని చెప్పను.

అమ్మ క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంట చేసేది. మేం లాలాగూడలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. బడి వదలగానే నేను మెస్ వెనక తలుపు దగ్గరికి చేరేదాన్ని. ఆ ఏడు పప్పు పోసే సేటు మారాడు. టెండర్లో అందరికంటే తక్కువ ధర రాశాడు కాబట్టి సరఫరా ఆయనకే దక్కింది. ఆ పప్పు ఏ గోదాంలో ఎన్నాళ్లు పడి ఉన్నదో గానీ, పొద్దుటి నుంచి మరిగించినా నీళ్లు నీళ్లే, పలుకులు పలుకులే. తినలేక పిల్లలు పళ్లేలు పట్టుకుని వార్డెన్ దగ్గరికి పోయారు. ఆయన చిరచిరలాడుతూ వంటింట్లోకి వచ్చాడు. వెంట సేటు కూడా ఉన్నాడు.

"సార్, పప్పు పాతది. జర మీరే నోట్లేస్కొని చూడుండ్రి," అని అమ్మ గరిటెతో ఇంత తీసి ఆయన ముందు పట్టింది.

ఆయన ఆ గరిటె వైపు కూడా చూడలేదు. "కమిటీలో శాంపిల్ ఉడికించి చూశామమ్మా, వెన్నలా ఉడికింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస," అన్నాడు.

"పప్పుల ఏం లేదు సార్. వండెటోళ్లల్ల ఉన్నది," అని సేటు నవ్వాడు.

మర్నాటి నుంచి అమ్మను రావద్దన్నారు.

ఆ శాంపిల్ సంగతి నాకు ఎన్నో ఏళ్లకు తెలిసింది. సేటు ఏరి తెచ్చిన కొత్త పప్పును ఆఫీసు గదిలో చిన్న కుక్కర్లో పెట్టి, నాలుగు విజిల్స్ వేయించి, తలా ఒక చెంచా రుచి చూసి సంతకాలు పెట్టేవాళ్లు. మెస్‌కు దిగే బస్తాల్లో ఏముందో ఎవరూ చూసేవాళ్లు కాదు. వండే వాళ్లను తిట్టడం తేలిక కదా.

అమ్మ విద్యానగర్‌లో ఇళ్లల్లో వంటకు పోదామనుకుంది. ఆమె కంటే ముందే 'మెస్‌లోంచి తీసేశారట' అన్న మాట ఆ గడపలు తొక్కింది. చివరకు సీతాఫల్‌మండి స్టేషన్ దగ్గర టిఫిన్ సెంటర్లో గిన్నెలు తోమే పని దొరికింది. వందల మందికి వండి పెట్టిన చేతులు సబ్బు నీళ్లలో పగిలిపోయాయి. అవి చూసినప్పుడల్లా నా కడుపు మండేది.

ఆ క్యాంపస్‌లోనే మేనేజ్‌మెంట్ చదివాను. తక్కువ ధర పెట్టి కొన్నదే చివరకు ఎక్కువ ఖర్చవుతుందని మేడం పాఠం చెబుతుంటే క్లాసంతా నోట్సు రాసుకుంది, నేను పళ్లు కొరుక్కున్నాను. పరీక్ష రాసి యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకున్నాక కొనుగోళ్ల సెక్షన్ కావాలని అడిగాను. ఆడిట్ వాళ్ల అక్షింతలకు భయపడి అందరూ పారిపోయే సీటది. నాకు మతి పోయిందనుకున్నారు.

నేను ఆ కుర్చీలో కూర్చునేసరికి మా వార్డెన్ కొనుగోళ్ల కమిటీకి చైర్మన్ అయి ఉన్నాడు. సేటు జుట్టు నెరిసింది గానీ పప్పు పోస్తున్నది ఇంకా ఆయనే. ఇద్దరూ నన్ను గుర్తుపట్టలేదు. కొత్త టెండర్లు తెరిచే ముందు మా అందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. టెండరు వేసిన వాళ్లలో మీ బంధువులు గానీ స్నేహితులు గానీ ఉన్నారా అని అందులో ఉంటుంది. లేరని రాశాను. శత్రువులున్నారా అని ఆ కాగితం అడగదు.

ఆ రోజుల్లోనే నైతికమైన, పర్యావరణానికి మేలు చేసే కొనుగోళ్ల మీద ఒక శిక్షణకు నన్ను పంపారు. భోజనాలయ్యాక అందరూ కునికిపాట్లు పడుతుంటే నేను మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని విన్నాను. తిరిగొచ్చి ఒక నోట్ పెట్టాను. ఇకపై శాంపిల్ వ్యాపారి తేకూడదు. ఆయన బస్తాల్లోంచి కమిటీయే తీయాలి. కుక్కర్లో కాదు, మెస్‌లో, మెస్ గుండిగలోనే, ఆయన కళ్లముందే వండాలి. ఆలస్యంగా ఉడికే పప్పు గ్యాస్ తాగేస్తుంది కాబట్టి పర్యావరణానికి చేటు అని కారణం రాశాను. ఆ గ్యాస్ మాట నిజమే. నాది కడుపుమంట అన్నదీ నిజమే. "చాలా బాగా ఆలోచించావమ్మా" అని చైర్మన్ సంతకం పెట్టాడు. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నాడని నాకు లోలోపల నవ్వొచ్చింది.

పరీక్ష రోజు పోటీలో ఇద్దరే మిగిలారు. ఒకరు సేటు, ఇంకొకరు తాండూరు వైపు నుంచి వచ్చిన ఆడ రైతుల సంఘం. రెండు గుండిగలు పక్కపక్కనే పొయ్యి మీదికెక్కాయి. సంఘం వాళ్ల పప్పు మెత్తబడి, వంటవాళ్లు దాన్ని దించి ఎనిపేశారు కూడా. స్టోర్ గదిలో సేటు దించిన బస్తాల్లోంచి తీసిన పప్పు మాత్రం ఎప్పటిలాగే నీళ్లలో దొర్లుతూ ఉంది.

"గీ నీళ్లు మంచిగ లేవు మేడం," అన్నాడు సేటు.

"రెండిట్లో అవే నీళ్లు."

"ఏమో మేడం. పప్పుల ఏం లేదు, వండెటోళ్లల్ల ఉన్నది."

అక్షరం పొల్లుపోలేదు. ఆ మాట కోసమే నేను ఇన్నేళ్లు కాచుకుని కూర్చున్నట్టయింది. గరిటె తీసి ఆయన చేతిలో పెట్టాను. "అయితే మీరే వండండి సేట్." ఆయన చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ తల ఊపాడు. సేటు చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ కలిపాడు. మెస్ వంటవాళ్లు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఎంత కలిపినా పలుకు పలుకుగానే ఉంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస," అన్నాను. సేటుతో అంటూనే చైర్మన్ ముఖం చూశాను. ఆయన పగలబడి నవ్వాడు. అది తన నోటి నుంచి వచ్చిన మాటేనని ఆయనకు తట్టనే లేదు. సేటు చేసిన మోసం కంటే ఆ నవ్వు నన్ను ఎక్కువ కాల్చింది. తర్వాత ఆయన ఒక చెంచా నోట్లో వేసుకుని, తొట్టి దగ్గరికి పోయి ఉమ్మేశాడు. సేటు టెండర్ పోయింది.

తార్నాకలో ఇప్పుడు మేముంటున్న ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అమ్మకు అంతా చెప్పాను. ఆమె కూర తుంచుతూ వింది.

"సేటు సంగతి ఇడిసిపెట్టు. సార్ నోట్లేస్కున్నడా?"

"ఏస్కున్నడమ్మా. ఉమ్మేసిండు."

అమ్మ చేతులు ఆగాయి. "ఆ దినం పిల్లలు ఉమ్మెయ్యలే బిడ్డా. సార్ ఇనకపాయె, ఆకలికి గదే మింగిన్రు."

నేను సాధించాననుకున్నదంతా ఆ ఒక్క మాటతో సగమైపోయింది.

సంఘం వాళ్ల పప్పు మరుసటి వారం దిగుతుందన్నారు. అప్పటిదాకా మెస్‌లో వండేది సేటు పాత సరుకే. కమిటీ మీటింగు ఆ లోపలే పెట్టించాను. మామూలుగా మీటింగుకు హోటల్ బిర్యానీ వస్తుంది. ఈసారి మెస్‌లో పిల్లలతో కలిసి తిందామన్నాను. పిల్లల కష్టసుఖాలు తెలుస్తాయని చైర్మన్ మురిసిపోయాడు.

ఆయనకు నేనే వడ్డించాను. అన్నం, దాని మీద గరిటె నిండా పప్పు.

"ఇదేంటమ్మా, ఆ పప్పేనా?"

"అదే సార్. పిల్లలు రోజూ తింటున్నారు."

అటూ ఇటూ కూర్చున్న ఆడపిల్లలు తినడం ఆపి ఆయన్నే చూస్తున్నారు. నేను వంగి, ఆయనకు వినబడేలా చెప్పాను.

"మా అమ్మ ఈ వంటింట్లోనే వండేది సార్. పప్పు పాతది, రుచి చూడండని మిమ్మల్ని అడిగింది. మీరు చూడకుండానే పనిలోంచి తీసేశారు."

ఆయన ముఖం పాలిపోయింది. "ఎప్పుడమ్మా? నాకు గుర్తే లేదే..."

"గుర్తు లేకపోతే పోయింది సార్. తినండి."

చేతులు కడిగే తొట్టి హాలు ఆ చివరన ఉంది. అక్కడికి పోవాలంటే ఇంతమంది పిల్లల ముందు నుంచి పోవాలి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ముద్ద తర్వాత ముద్ద మింగాడు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా నేను ఆయన పక్కనే గరిటె పట్టుకుని నిలబడ్డాను. నాకు జాలి వేయలేదు.

"మింగిండమ్మా," అన్నాను ఇంటికి రాగానే.

"అంతనా?"

"మెతుకు మిగల్లే."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచి, "కిరాణం కొట్లకెళ్లి కందిపప్పు పట్కరాపో. కొత్తదేనా అని అడుగు," అంది. నేను మెట్లు దిగుతుంటే పైనుంచి కేకేసింది.

"ఇంకో గరిటె ఎయ్యకపోయినవు!"