సారు ఫ్రిజ్జులోని మొక్కజొన్న

సంతాప సభలో మీరందరూ మా సారును ‘కొత్త మొక్కజొన్న కనిపెట్టిన మహానుభావుడు’ అన్నారు. తప్పు. పోయిన మంగళవారం తిరుపతి ఆస్పత్రిలో కన్నుమూసిన ఆ మనిషి ఒక్క మొక్కజొన్న కూడా కనిపెట్టలేదు. గింజ తన లోపల దాచుకునే ప్రొటీనుకు జన్యువులుంటాయి. అవి మొక్కజొన్న పది క్రోమోజోముల్లో దేనిమీద, ఏ మూల కూర్చున్నాయో వెతికి పటం గీసినారు. దానికే ముప్పై ఏళ్లు పట్టింది. శిష్యురాలిగా చేరిన నేను ఆ ల్యాబులోనే అమ్మమ్మనైనాను.

పక్క మొక్క పుప్పొడి పడకుండా పొద్దున్నే కంకులకు కాగితం సంచులు తొడిగేవాళ్లం. ఒక ఏడు నేను వాటిమీద ఇంకుపెన్నుతో రాసినాను. వాన పడింది. ఏ కంకి దేనిదో తెలియక పంటంతా కోళ్లపాలైంది. సారు అరవలేదు. "ఈ ఏడు కోళ్లే పరిశోధన చేస్తాయిలేమ్మా," అని నా చేతిలో పెన్సిలు పెట్టినారు.

గింజను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసేవారు. "గింజ అన్నీ చెప్తాది. చూసేవాడికే తొందర," అనేవారు.

రిటైరైనాక విత్తనాల పొట్లాలను పాకాలలో ఇంటి ఫ్రిజ్జులో దాచినారు. పటాన్ని మళ్లీ సరిచూడాలంటే ఆ గింజలే కావాలి. ఇంకెక్కడా లేవు.

"యాడ పెట్టేది సామీ, ఊరగాయకే సోటు లేదు!" అనేది ఆయన భార్య. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను.

"ఊరగాయ మళ్లీ పెట్టుకోవచ్చులే."

ఈ ఎండాకాలం ఆయన్ని ఆస్పత్రిలో చేర్చినప్పుడు, ఇల్లు వదిలి పోయేవాళ్లందరూ చేసే పనే అక్కా చేసింది. కరెంటు మెయిన్ ఆపేసి తాళం వేసింది. నెలన్నర. నేను పోయి తలుపు తీసేసరికి పొట్లాలన్నీ తడిసి బూజు పట్టినాయి.

"గింజలు సల్లగా ఉండాయా?" ఆస్పత్రి మంచంమీద నుంచి సారు అడిగినారు.

"ఉండాయి సార్."

బయటికొచ్చినాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "నేనే సంపేసినా కదమ్మా. ఆయన గురించి రాస్తే ఇదీ రాయి."

రాసినాను.

ప్రతి పొట్లంలోని గింజలూ తడిగుడ్డలో కట్టి చూసినాను. ఒక్క పొట్లంలో రెండు మొలిచినాయి. మిగతావి మెత్తబడి కంపు కొట్టినాయి. రెండు మొలకలతో పటం నిలబడదు. ఆ సంగతి నాకు తెలుసు, మీరు ఓదార్చనక్కరలేదు.

అయినా సారు ఇంటి మిద్దెమీద పెయింటు బకెట్లో నాటినాను. అక్క నీళ్లు పోస్తోంది. ఎండకు ఆకులు చుట్టుకుపోతున్నాయి. పదోరోజుకు వచ్చేటప్పుడు పూలదండలు వద్దు. ఎవరైనా గజం దోమతెర తీసుకురండి, నీడ కట్టాలి. పైకొచ్చేటప్పుడు మెట్ల తలుపు మూసి రండి. పిట్టగోడమీద కోతులు కాచుకుని కూర్చున్నాయి.