నలభై ఒకటో కార్డు

మా మేడం పోయారు. మొన్న మట్టెవాడలో కూరగాయలు కొంటుంటే ఆమె తమ్ముడే నన్ను వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. "అక్క పోయింది. నీకో కట్ట ఇయ్యమన్నది" అని చేతిలో పెట్టాడు. ఏడవడానికి కూడా మొహం లేనిదాన్ని నేను. ఎందుకో చెబుతాను.

ఆమె మా కాలేజీలో జువాలజీ లెక్చరర్, నేను ఆమె దగ్గర పరిశోధన చేసేదాన్ని. ఎలుకలోనో మనిషిలోనో ఒక జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే ప్రొటీన్, డీఎన్‌ఏ మీద సరిగ్గా ఎక్కడ అతుక్కుంటుంది? అదే మా ప్రశ్న. ప్రయోగం చేసే సామాను మాకెక్కడిది! లెక్కతో పట్టుకుందామన్నారు మేడం. అలా అతుక్కుంటుందని ముందే తెలిసిన చోట్ల డీఎన్‌ఏ అక్షరాలను, అంటే ఎ, సి, జి, టి లను, ఒకదాని కింద ఒకటి రాసి, ఏ స్థానంలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో చూసి, ఆ లెక్కకు సరిపోయే చోటును కొత్త జన్యువులో వెతకాలి. సైన్సు పత్రికలో అచ్చయిన జన్యువు అక్షరాలను అట్ట కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేసి పక్క కాలేజీ కంప్యూటర్‌కు ఇచ్చేవాళ్లం. మాకు దొరికేది వారానికి ఒక గంట.

కార్డులను పత్రికతో సరిచూసినవాళ్లు కాగితం మీద సంతకం పెట్టాలి. నేను గబగబా చదివితే, "ఎలుకకే లేని తొందర నీకెందుకు బిడ్డా?" అనేవారు.

ఒక శనివారం స్టేషన్ ఘన్‌పూర్ బండి తప్పిపోతుందని, చదవకుండానే పెన్సిల్‌తో సంతకం గీకేశాను. నలభై ఒకటో కార్డు కట్టలో లేదు. నలభయ్యో కార్డు చివర, నలభై రెండో దాని మొదలు అతుక్కుని, జన్యువులో లేని చోటొకటి పుట్టింది. కంప్యూటర్ దాన్నే అన్నిటికన్నా మేలైనదిగా చూపించింది. మేడం సంబరం ఇంతా అంతా కాదు.

సెమినార్‌లో హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి పత్రిక తెరిచి, ఈ వరస ఇందులో ఎక్కడా లేదమ్మా అన్నాడు. హాలంతా నవ్వింది. సరిచూసిందెవరని మా హెడ్డు అడిగాడు.

"మేడమే సార్" అన్నాను.

ఆమె తన కాగితాలు సర్దుకుని వేదిక దిగారు. ఆమెకున్న కంప్యూటర్ గంటను హెడ్డు నాకిచ్చాడు, సిగ్గులేకుండా తీసుకున్నాను. ఆమెను ఫస్టియర్ పిల్లలతో కప్పలు కోయించే పనికి వేశారు. "లేని చోటు మేడం పోతాంది" అని అటెండర్లు నవ్వేవారు. నేనూ నవ్వాను.

పోయిన నెల మేడంను చూడటానికి దవాఖానకు వెళ్లాను. అన్నేళ్లలో మొదటిసారి అడిగారు.

"ఆ కార్డులు సదివినవా బిడ్డా?"

"చదివిన మేడం."

"సరె. అన్నం తిని పో."

మొన్న మట్టెవాడ నుంచి ఇంటికొచ్చి, తమ్ముడిచ్చిన కట్ట విప్పాను. నలభై ఒకటో కార్డు, ఎక్కడ దొరికిందో మరి, పైనే ఉంది. దాని కింద సంతకాల కాగితం. నా సంతకాన్ని రబ్బరుతో రుద్దేసి, అక్కడ తన సంతకం పెట్టుకున్నారు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాను. రుద్ది రుద్ది పలచబడ్డ చోట, ఆమె పేరు కింద, నా పేరు గాడి ఇంకా కనబడుతోంది.