ప్లగ్గు మెరుపు, నానమ్మ హారతి

ఇవాళ మద్దిలపాలెంలో మెకానిక్ నా స్కూటీ ప్లగ్గు విప్పాడు. ఆ పెట్రోలు వాసన తగలగానే నేను మా పాత ఇంటి వాకిట్లోకి వెళ్ళిపోయాను! ఆ రోజుల్లో బండి మొరాయిస్తే ఇల్లంతా దాని చుట్టూ చేరేవాళ్ళం, మీకూ గుర్తుందా?

నా చిన్నప్పటి మాట. ఆ రోజు సింహాచలంలో సింహాద్రి అప్పన్న నిజరూప దర్శనం. చందనం పూత లేకుండా స్వామి కనబడేది ఏడాదికి ఆ ఒక్కరోజే. నానమ్మ పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. నాన్న మోటారు సైకిల్ మాత్రం ఎంత తన్నినా స్టార్టవలేదు.

నాన్న ప్లగ్గు విప్పి, దాని వైరుకే తగిలించి, ఇంజను మీద ఆనించారు. ప్లగ్గులో మెరుపు వస్తోందో లేదో ఎండలో కనబడదని నానమ్మనీ నన్నూ దాని దగ్గర కూర్చోబెట్టి, పైన దుప్పటి కప్పి, "చూస్తూ ఉండండి" అని కిక్కు కొట్టారు.

చిటుక్కుమని నీలిమెరుపు!

"నాన్నా, వచ్చింది!" అని అరిచాను. నాన్న సంబరంగా మళ్ళీ తన్నారు. ఈలోగా నానమ్మ "అప్పన్న తండ్రీ!" అంటూ, హారతి కళ్ళకద్దుకోడానికన్నట్టు రెండు చేతులూ చాపేసింది.

"ఓలమ్మో! కుట్టేసిందిరోయ్!"

"అది హారతేటే అమ్మా? ప్లగ్గే!" అన్నారు నాన్న నవ్వాపుకోలేక.

మెరుపు ఉందంటే లోపం పెట్రోలుదే. చూస్తే, రాత్రి నాన్న కట్టేసిన పెట్రోలు ట్యాప్ ఇంకా కట్టేసే ఉంది! అది తిప్పి, ప్లగ్గు బిగించి ఒక్క తన్ను తన్నారు. బండి గర్జించింది!

నానమ్మ వెనక ఎక్కి, "హారతి ఇక్కడే అయిపోనాది. దర్శనమే మిగిలింది, పదరా బేగి!" అంది.

ఇవాళ మెకానిక్ ప్లగ్గు మెరిపించగానే నా చేతులు వాటంతటవే దండం పెట్టేశాయి. దూరం నుంచే లెండి.