మాయ పడేదాకా

చిల్లకల్లులో మా ఇంటి వెనక రేకుల పాకలో మేక ఈనిన రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

పొద్దున పదింటికల్లా రెండు పిల్లలు పడ్డాయి. ముక్కుల్లో జిగురు తీసి, గోనెపట్టాతో ఒళ్లు తుడిచి, బొడ్లకు అయోడిన్ పెట్టాను. మగపిల్ల తంటాలుపడి లేచి నిలబడింది. ఆడపిల్ల లేవబోయి మూతి నేలకు కొట్టుకుంది. దాన్నెత్తి తల్లి పొదుగు దగ్గరకు తీసుకెళ్తుంటే మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"మాయ పడలేదుగా. అప్పుడే పాలు పడితే మాయ లోపలే ఉండిపోద్ది. ఆగు."

ఈనిన తర్వాత కడుపులోంచి రావాల్సిన మాయ పడేదాకా పిల్లల్ని పొదుగు దగ్గరకు రానివ్వకపోవడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కిందటేడు ఆ మాటకే తలొంచి, పిల్లలు అరుస్తుంటే నేను తవుడు కలుపుతూ కూర్చున్నాను. మాయ సాయంత్రానికి గానీ పడలేదు. అప్పటికే చిన్నపిల్ల చల్లబడిపోయింది. జగ్గయ్యపేట పశువుల డాక్టరు విని, "గంటలోపే ముర్రుపాలు పట్టాలమ్మా. పిల్లలు చీకితే మాయ కూడా తొందరగా పడుద్ది" అన్నాడు. నా మీద నాకే అసహ్యమేసింది.

"వదలండత్తయ్యా. కిందటేడు ఒకదాన్ని చంపాం, చాల్లేదా?"

"ఎన్ని మేకల్ని సాకానే నేను! నిన్నగాక మొన్నొచ్చి నాకు చెప్తున్నావా?"

"సాకారులెండి. ఎన్ని పాతిపెట్టారో అదీ చెప్పండి."

ఆవిడ చెయ్యి వదిలేసింది. నేను చనుకట్టు పిండి, తొలి చుక్కలు పోనిచ్చి ఆడపిల్ల నోట్లో పెట్టాను. చీకలేదు. చిక్కటి పసుపుపచ్చ పాలు వేలితో దాని నాలుక మీద రాశాను. కాళ్లు ఐసులా ఉన్నాయి. ఒళ్లు రుద్దుతూ ఆ పద్ధతినీ, దాన్ని పెట్టినవాళ్లనీ, ఒక ఏడాది దాన్ని మోసిన నన్నూ నోటికొచ్చినట్టు తిట్టాను. పావుగంటకు చనుకట్టు పట్టుకుంది. తోక ఆడించింది. మగపిల్ల రెండోవైపు చేరింది. తల్లికి గోరువెచ్చని బెల్లం నీళ్లు పెట్టాను. గంట తిరక్కుండా మాయ పడింది.

"చూశారా? లోపలే ఉండిపోయిందా?" అన్నాను, ఇంకా కసి తీరక.

అత్తయ్య కుక్కలు తవ్వకుండా మాయని లోతుగా పాతిపెట్టొచ్చి, చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుంది. పాలు తాగుతున్న ఆడపిల్లనే చూస్తూ ఉంది.

"మా పెద్దదానికి మూడ్రోజులు పంచదార నీళ్లే పోశా" అంది. "ముర్రుపాలు పట్టకూడదని మా అత్త పిండించి పారబోయించింది."

నా భర్త కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, వారానికే పోయిందని విన్నాను. అంతకుమించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ పాలు పట్టుంటే బతికేదంటావా?" అని అడిగింది.

ఎన్ని పాతిపెట్టారని ఇందాక ఆవిణ్ణి అడిగింది నేనే. పొదుగు వదిలిన ఆడపిల్లని ఎత్తి ఆవిడ ఒళ్లో పెట్టాను.